తడి జడ వేసుకోను

ఇంటర్ మొదటి సంవత్సరం చలికాలంలో నా తల నిండా పొలుసులు లేచాయి. చెవుల వెనక మొదలై మెల్లగా మాడు దాకా పాకాయి. గోకితే గోళ్లలోకి తెల్లటి పొడి వచ్చేది. ఇంకా గోకితే రక్తం. నల్ల చున్నీ వేసుకోవడం మానేశాను. క్లాసులో ముందు బెంచీ వదిలేసి గోడ పక్కకు మారిపోయాను.

అప్పుడు నేను తాండూరులో కాలేజీ ఆవరణలోనే ఉన్న అమ్మాయిల హాస్టల్లో ఉండేదాన్ని. మాది బంట్వారం దగ్గర పల్లె. ఇంట్లో గొర్రెలు, కొంచెం కంది చేను. హాస్టల్ చుట్టూ నాపరాయి కోసే మిషన్లు ఉండేవి. పొద్దున తుడిచిన కిటికీ ఊచల మీద మధ్యాహ్నానికి మళ్లీ బూడిద రంగు దుమ్ము పేరుకునేది. మేము వాడుకునేది బోరు నీళ్లు. బకెట్ల అంచులకు తెల్లటి పెచ్చు కట్టేది. ఆ నీళ్లలో షాంపూ ఎంత రుద్దినా నురగ రాదు, ఎన్ని చెంబులు పోసుకున్నా జుట్టుకు జిగురు వదలదు.

తలస్నానం ఆదివారం ఒక్కరోజే. అదీ తెల్లవారకముందే, చలిలో వరస కట్టి. ఆదివారమైనా ప్రేయర్ తప్పదు కాబట్టి నీళ్లు కారుతున్న జుట్టుకే నూనె రాసి, రెండు జడలు వేసి, రిబ్బన్లు బిగించాలి. ఆ జడలు మర్నాటి దాకా ఆరేవి కావు. విప్పితే ముక్కిపోయిన బట్టల వాసన వచ్చేది. నా ఒక్కదానికే కాదు, గదిలో అందరికీ దురదే. ఒకరి దువ్వెన ఒకరం వాడేవాళ్లం. పేలు కూడా అలాగే పంచుకున్నాం.

హాస్టల్ చూసుకునే మేడం ఒక సాయంత్రం అందరినీ వరండాలో నిలబెట్టింది.

"పేలు, చుండ్రు, కురుపులు! తల్లిదండ్రులు వచ్చి నన్ను అడుగుతుండ్రు. గీటన్నిటికీ ఒకటే మందు. రేపు అందరికీ చెవుల కాడికి కటింగ్."

మర్నాడు బజారు నుంచి పార్లర్ ఆమె కత్తెర, దుప్పటి పట్టుకుని వచ్చింది. వరండాలో కుర్చీ వేశారు. నా పక్క మంచం అమ్మాయిది ధారూర్. ఆమె జుట్టు నడుము దాటేది. కుర్చీలో కూర్చుని కళ్లు గట్టిగా మూసుకుంది. జడ రిబ్బన్‌తో సహా కింద పడింది. లేచి వచ్చి మెడ వెనక చెయ్యి పెట్టుకుని, అక్కడ ఏమీ లేకపోవడంతో చేతిని ఏం చేయాలో తెలియనట్టు నిలబడింది. అది చూశాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

నా వంతు వచ్చింది.

"నేను కూసోను మేడం."

"ఏమన్నవ్?"

"జుట్టుకు రోగం లేదు మేడం. తోలుకు ఉన్నది. తోలు గూడ కోస్తరా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం ముఖం ఎర్రబడింది. నన్ను వరండా చివర నిలబెట్టింది. మధ్యాహ్నం అన్నానికి కూడా కదలనివ్వలేదు. కటింగ్ అయిన అమ్మాయిలు ఒక్కొక్కరూ నా ముందు నుంచే పోయారు. కొందరు నా వైపు చూడలేదు. ఇద్దరు మాత్రం కోపంగా చూశారు, మేము పోగొట్టుకున్నది నువ్వెందుకు ఉంచుకున్నావన్నట్టు. ఆ చూపు మేడం తిట్ల కంటే ఎక్కువ తగిలింది. అయినా కుర్చీ వైపు పోలేదు.

ఇంటికి ఫోన్ పోయింది. మర్నాడు మా అమ్మ వచ్చింది. మేము అవ్వ అని పిలుస్తాం. గొర్రెలను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, మొదటి బస్సు పట్టుకుని వచ్చిందట.

"మీ బిడ్డకు మస్తు పొగరున్నదమ్మా. జర మీరే చెప్పుండ్రి," అంది మేడం.

అవ్వ నన్ను పక్కకు తీసుకుపోయింది. నా తరఫున మాట్లాడుతుందనుకున్నాను.

"జుట్టే గదనే బిడ్డ, మళ్ల మొలుస్తది," అంది. "మన గొర్రెలకు ఎన్నిపార్లు కత్తిరిస్తలేం? సదువు పాడు చేసుకోకు."

"కత్తిరించేముందు గొర్రెను వాగుల కడుగుతవు గదా అవ్వ? మమ్ముల ఎవ్వలు సక్కగ కడుక్కోనిచ్చిండ్రు?"

అవ్వ నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి జడలు విప్పింది. పాయలు తీసి చూసింది. మాడు మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి. లేచి నేరుగా మేడం దగ్గరికి పోయింది.

"నేను దవాఖానల చూపించుకొస్త మేడం. డాక్టర్ కొయ్యమంటే నేనే కోస్త. గప్పటిదాక నా బిడ్డ నెత్తి ఎవ్వలు ముట్టొద్దు."

మేడం అవ్వ నిలబడిన తీరు చూసి, సెలవు చీటీ మీద సంతకం పెట్టింది.

రైల్లో వికారాబాద్ పోయాం. పెద్ద దవాఖానలో చర్మం డాక్టరమ్మ నా తల లైటు కింద పెట్టి చూసి, ముందు అవ్వను కాదు, నన్నే అడిగింది, రోజూ తలకు ఏం చేస్తావని. ఆదివారం తలస్నానం, నూనె, తడి జడలు, బోరు నీళ్లు అన్నీ చెప్పాను.

"చుండ్రు ముదిరింది. ఎండనియ్యకుంట నూనె పట్టించి కట్టేస్తే గిట్లనే అయితది," అంది.

"కోస్తే తగ్గుతదా అమ్మా?" అవ్వ అడిగింది.

"పొట్టిగ ఉంటే జల్ది ఆరుతది, గంతే. పొడుగు జుట్టయినా మంచిగ ఆరబెట్టుకుంటే సాలు."

మందు షాంపూ రాసిచ్చింది. వారానికి రెండుసార్లు పెట్టమంది. జుట్టు కొసలకు కాదు, మాడుకు పట్టించి, కాసేపు ఉంచి కడగాలి. గోళ్లతో గీరకూడదు, వేళ్ల కొసలతో రుద్దాలి. పొలుసులు తగ్గేదాకా మాడుకు నూనె వద్దు. దువ్వెన, తువ్వాలు ఎవరివి వాళ్లకే. పూర్తిగా ఆరకుండా జడ వేయొద్దు. పేలకు వేరే మందు ఇచ్చి, గదిలో అందరూ ఒకేసారి వాడాలని చెప్పింది.

మందు చీటీ చూపించి ఆదివారంతో పాటు బుధవారం కూడా తలస్నానం చేసేదాన్ని. మిగతావీ అన్నీ చేయగలిగాను, ఒక్కటి తప్ప. కటింగ్ అయినవాళ్లతో సహా గదిలో అందరం పేల మందు పెట్టుకున్నాం. బోరు నీళ్ల జిగురు పోవడానికి నా వంతు తాగే నీళ్లు సీసాలో మిగిల్చి, చివర్లో తల మీద పోసుకునేదాన్ని. కానీ జుట్టు ఆరేది ఎప్పుడు? సాయంత్రం స్నానానికి స్టడీ అవర్ అడ్డం. పొద్దున చేస్తే ప్రేయర్ అడ్డం.

మేడంను అడిగాను, తలస్నానం రోజు జుట్టు వదిలి ప్రేయర్‌కి వస్తానని.

"జుట్టు ఇరబోసుకొని దేవుని ముందర నిలబడ్తవా? ఆడపిల్లవేనా నువ్వు? అందరికీ ఒకటే రూల్."

ఆ బుధవారం తెల్లవారకముందే లేచి తలస్నానం చేశాను. తువ్వాలుతో అద్దుకుని, చిక్కు తీసుకుని, జుట్టు వీపు మీద వదిలేసి ప్రేయర్‌కి పోయి వరసలో నిలబడ్డాను. చలిగాలికి మెడ వణికింది. భయం కూడా వేసింది, అబద్ధమెందుకు.

మేడం నన్ను చూసి నేరుగా వచ్చింది. "పో! జడ ఏసుకొని రా!"

"ఆరినంక ఏసుకుంట మేడం. తడి జడ ఏసుకోను."

"నేను చెప్తున్న. పో!"

కదలలేదు. అప్పుడు నా వెనక రిబ్బన్ విప్పుతున్న చప్పుడు వినిపించింది. పై గది అమ్మాయి, ఊరు పరిగి. ఒంట్లో బాగాలేక కటింగ్ రోజు ఇంట్లో ఉండి తప్పించుకుంది. ఆమె జడలు విప్పేసింది. అలా తప్పించుకున్న మరో ఇద్దరు విప్పారు. ఆ తర్వాత ధారూర్ అమ్మాయి తన వరస వదిలి వచ్చి నా పక్కన నిలబడింది. విప్పడానికి ఆమెకు జడ లేదు. ఊరికే నిలబడింది. ఆమెను చూసి చెవుల దాకా జుట్టున్నవాళ్లు ఇంకొందరు కదిలి వచ్చారు. నన్ను కోపంగా చూసిన ఇద్దరిలో ఒకామె కూడా వాళ్లలో ఉంది.

ప్రిన్సిపాల్ సార్ గేటు దగ్గర నుంచి వచ్చాడు. "ఏంది గిది?"

మేడం చెప్పకముందే నేను చెప్పాను. డాక్టరమ్మ అన్న ప్రతి మాటా చెప్పాను. సార్ మా వరస మొత్తం చూసి, మేడం వైపు తిరిగి, "ప్రేయర్ షురూ చేయించుండ్రి," అన్నాడు. అంతే. తప్పు మాది కాదని అనలేదు, మేడందని కూడా అనలేదు.

ఆ వారమే నోటీసు బోర్డు మీద కొత్త టైము వచ్చింది. బుధవారం, ఆదివారం సాయంత్రం తలస్నానం, ఆ రెండు రోజులూ స్టడీ అవర్‌లో జుట్టు వదులుకోవచ్చు. చివర్లో తల మీద పోసుకోవడానికి వంటగది దగ్గరి మంచినీళ్ల నల్లా నుంచి మనిషికో చెంబు. సాయంత్రాలు స్టడీ హాలంతా షాంపూ వాసనతో నిండేది. పొడుగు జుట్టున్న మేము ఫ్యాను కింద బెంచీల కోసం కొట్టుకునేవాళ్లం. ఎండాకాలం వచ్చేసరికి నా మాడు శుభ్రపడింది. కొందరికి తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ధారూర్ అమ్మాయి జుట్టు రెండో సంవత్సరం పరీక్షల నాటికి భుజాలు కూడా సరిగా దాటలేదు. ఆ జడను ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మేడం నన్ను క్షమించలేదు. ఔటింగుల లిస్టులో నా పేరు ఎప్పుడూ చివర ఉండేది, ఒక్కోసారి ఉండేదే కాదు. నేనూ ఆమెను క్షమాపణ అడగలేదు.

ఇప్పుడు వికారాబాద్‌లో నర్సింగ్ చదువుతున్నాను. అద్దె గది. ఇంటి ఓనరమ్మ మంచిదే, కానీ నేను తలస్నానం చేసి డాబా మీద నిలబడితే కింది నుంచి అరుస్తుంది.

"మంగళారం తల మీద నీళ్లు పోసుకోవద్దు బిడ్డ! ఇంటికి మంచిది గాదు."

"నాకు గీ రోజే తీరుతది ఆంటీ. నా నెత్తికి వారాలు తెల్వయ్."

సణుక్కుంటూ లోపలికి పోతుంది. అనంతగిరి వైపు నుంచి వచ్చే గాలికి నేను పాయలు విడదీసుకుంటూ నిలబడతాను. వానాకాలంలో పొలుసులు ఇప్పటికీ ఒక్కోసారి లేస్తాయి. లేచిన రోజే మందు షాంపూ తీస్తాను. మొన్న అలా లేచినప్పుడు మా వార్డులో ఒక సీనియర్ సిస్టర్ నా తల చూసి, ఇంత జుట్టు నీకెందుకు, కత్తిరించుకుంటే హాయి కదా అంది. కత్తిరించుకోవాలనిపిస్తే కత్తిరించుకుంటా సిస్టర్, నాకింకా అనిపించలేదు అన్నాను. ఆమె నవ్వి, పక్క మంచం పేషెంట్ దగ్గరికి పోయింది.