వణుకు రాని బూస్యా

నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, కొండమీది కోతుల పరిశోధన కేంద్రంలో ఖిబ్లా పడుచుతనంలో పనికి చేరింది. జుట్టు నెరిసేదాకా అక్కడే బోనులు కడిగింది, బీట్‌రూట్లూ క్యాబేజీలూ తరిగింది. తల్లి పోయాక ఇంట్లో ఒక్కతే మిగిలింది. రోజు మొత్తంలో ఆమె మాట్లాడేది కోతులతోనే. మనుషుల్లో అయితే త్సీరా డాక్టర్ ఒక్కతే. మధ్యాహ్నం డాక్టర్ వంటగదిలోకొచ్చి, గోనెసంచి మీద కూర్చుని, తన టీలో సగం ఖిబ్లా గ్లాసులో పోసేది. మాటలేమీ పెద్దగా ఉండేవి కావు.

ఆ శరదృతువులో యుద్ధం ఊరి మీదుగా వెళ్ళింది. త్సీరా ఓడిపోయిన వాళ్ళ మనిషి. వాళ్ళెవరూ ఇక ఊళ్ళో ఉండే వీల్లేకపోయింది. ఒక ఉదయం ఆమె చేతిసంచితో వంటగది గుమ్మంలో నిలబడింది.

"బస్సు కింద ఆగుంది ఖిబ్లా. బూస్యాని ఎవరూ పట్టించుకోరు. నువ్వు చూస్తావా?"

బూస్యా గాజు కిటికీ ఉన్న గదిలో విడిగా ఉండే ఆడకోతి. చలేసినప్పుడు ఒక మీట నొక్కితే నెత్తిమీద ఎర్రదీపం వెలిగి వెచ్చగా ఉండేది. అది నొక్కడం బూస్యాకి బాగా అలవాటు.

"దానికేమైంది డాక్టరమ్మా? బాగానే తింటుందిగా."

"తింటుంది. మెదడు అడుగున చిన్న చోటుంటుంది, శనగగింజంత. చలేస్తే వణకమని, ఉక్కపోస్తే చెమట పట్టమని ఒంటికి చెప్పేది అదే. నీకైనా నాకైనా అంతే. దీనికి ఆ చోటు లేదు. చలేస్తుందని దానికి తెలుస్తుంది, మీట నొక్కుతుంది. కానీ ఒళ్ళు మాత్రం వణకదు. ఊరికే చల్లబడిపోతుంది."

"ఆ చోటు ఎందుకు లేదు?"

"నేనే తీసేశాను," అంది త్సీరా. "అది ఏం చేస్తుందో తెలుసుకుందామని."

ఖిబ్లా చూస్తానని తలూపింది. డాక్టర్ కొండ దిగి వెళ్ళిపోయింది.

చలి వచ్చేసరికి ఊళ్ళో కరెంటు లేదు. మిగిలిన కోతులు ఒకదాన్నొకటి కరుచుకుని గజగజ వణుకుతున్నాయి. బూస్యా మాత్రం కదలకుండా కూర్చుని మీట నొక్కుతోంది. దీపం వెలగదు. మళ్ళీ నొక్కుతోంది. ఖిబ్లా దాని చంకలో చెయ్యి పెట్టి చూస్తే బండరాయిలా తగిలింది. కోటు గుండీలు విప్పి, దాన్ని రొమ్ముకి హత్తుకుని, మళ్ళీ గుండీలు పెట్టుకుని ఇంటికి నడిచింది. దారిలో త్సీరా ఇల్లు. కిటికీకి ఎవరివో కొత్త తెరలు వేలాడుతున్నాయి.

అప్పట్నుంచి ఆమె రోజులన్నీ ఒక రేకుపొయ్యి చుట్టూ తిరిగాయి. వాల్‌నట్ చిప్పలు, విరిగిన కుర్చీలు, తల్లి మంచం కోళ్ళు కూడా పొయ్యిలోకి పోయాయి. మొక్కజొన్న సంకటి ఉడికించి, సగం తాను తిని, సగం బూస్యా ముందు పెట్టేది. బూస్యా ఒళ్ళోకి ఎక్కి చల్లటి చేతుల్ని ఖిబ్లా మెడ కింద దూర్చేది. ఆ చేతులు వేడెక్కేదాకా ఖిబ్లా కదిలేది కాదు.

పక్కింటి టాటాష్ ముసలాయన. భార్య పోయి చాలాకాలమైంది. కంచె మీదుగా తొంగిచూశాడు.

"ఏం పిల్లా, ఊళ్ళో మగాళ్ళు కరువయ్యారని కోతిని కట్టుకున్నావా?"

"దీనికైతే సంకటి మాడిందని సణిగే నోరు లేదు టాటాష్ మామా."

"ఓహో! మరి కట్టెలు కొట్టే చేతులున్నాయా దానికి?"

మర్నాడు గేటు పక్కన చీల్చిన కట్టెల మోపు కనిపించింది. ఆమె కృతజ్ఞతలు చెప్పబోతే ఆయన వినబడనట్టు తలుపేసుకున్నాడు. ఆ శీతాకాలం గడిచింది. బూస్యా బతికింది. ఇక గండం గట్టెక్కిందనుకుంది ఖిబ్లా.

వేసవి నడిమధ్యన ఒకరోజు రొట్టె కోసం వరసలో నిలబడాల్సి వచ్చింది. వీధిపిల్లలు కిటికీలోంచి రాళ్ళు విసిరి బూస్యాని ఏడిపిస్తున్నారని తలుపు, కిటికీ బిగించి వెళ్ళింది. రొట్టెబండి ఆలస్యంగా వచ్చింది. తిరిగొచ్చి తలుపు తీస్తే గది కొలిమిలా ఉంది. బూస్యా నేలమీద నోరు తెరుచుకుని పడి ఉంది. ఒళ్ళు పట్టుకోలేనంత కాలిపోతోంది, చర్మం మాత్రం పొడిగా ఉంది. ఉక్కపోస్తే చెమట పట్టమని చెప్పే చోటు కూడా అదేనని డాక్టర్ చెప్పింది. చలి, చలి అని కాచుకుంటూ కూర్చున్న ఖిబ్లాకి ఆ మాట అప్పుడు తట్టింది.

"మామా! టాటాష్ మామా!"

ఆయన చెప్పుల్లేకుండానే పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ దాన్ని ఇంటి వెనక వాగులో దించారు. టాటాష్ తల పట్టుకున్నాడు. ఖిబ్లా దోసిళ్ళతో నీళ్ళు పోసింది, పోస్తూనే ఉంది.

"ఊపిరాడుతోందా?" అంది.

"ఆడుతోంది. నువ్వు ముందు ఏడుపాపు, నీళ్ళు పొయ్యి."

చాలాసేపటికి బూస్యా కళ్ళు తెరిచి, ముసలాయన బొటనవేలు కొరికింది.

"బతికింది ముండ!" అన్నాడు టాటాష్, వేలు విదిలించుకుంటూ.

తర్వాత వేసవంతా ఖిబ్లా రొట్టె వరసలోకి కూడా బూస్యాని తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళేది. జనం నవ్వారు, కొందరు ముక్కు మూసుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. మరుసటి శీతాకాలం చివర్లో, వెచ్చటి ఒళ్ళోనే, తిండి మానేసి బూస్యా చనిపోయింది. ముసలితనం తప్ప వేరే జబ్బేమీ లేదు. టాటాష్ గుంట తవ్వి, పార మీద ఆనుకుని నిలబడ్డాడు.

"ఇవాళ మా ఇంట్లో తిను పిల్లా. బీన్సు వండాను."

"రేపొస్తాలే మామా."

మర్నాడు వెళ్ళలేదు. ఆయన మళ్ళీ పిలవలేదు. ఆ వసంతంలో ఆయన్ని కొడుకు తన ఊరికి తీసుకెళ్ళిపోయాడు.

యుద్ధంతో మూతపడిన కోతుల కేంద్రం తిరిగి తెరిచాక ఖిబ్లా పాత పనికే వెళ్ళింది. కొన్నేళ్ళకు, త్సీరా వాళ్ళు తలదాచుకున్న నది అవతలికి వెళ్ళి హేజెల్ గింజలమ్మే ఒకామె బజారులో ఆమెను వెతికి పట్టుకుంది.

"ఖిబ్లా అంటే నువ్వేగా? త్సీరా డాక్టర్ అడగమంది. ఆ కోతి ఉందా అని."

"రెండు శీతాకాలాలు బతికిందని చెప్పు."

"ఇంకేమైనా చెప్పమంటావా?"

ఖిబ్లా ఆలోచించింది. చెప్పాల్సింది చాలా ఉంది. గింజల సంచీ భుజాన వేసుకుని, బస్సు వైపు చూస్తున్న మనిషితో చెప్పేది కాదు అది.

"నేను బాగున్నానని చెప్పు," అంది. "డాక్టరమ్మకి అక్కడ టీ దొరుకుతోందా?"

"అడగలేదమ్మా," అంటూ ఆమె బస్సెక్కేసింది.