సోంబరు పలకని పేరు

సోమవారం పుట్టాడు కాబట్టి సోంబరు. మంగళవారం పుడితే మంగ్లు, బుధవారమైతే బుధు. ఏజెన్సీలో పేరు పెట్టడానికి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోరు. పేరు పలక్కుండా ఉండాల్సి వచ్చినప్పుడే చిక్కంతా.

అరకు జీపు స్టాండులో సోంబరుది పాత కమాండర్ జీపు. ఎడమవైపు అద్దం లేదు. అనంతగిరి మలుపులో ఓ లారీ దాన్ని తీసుకుపోయింది. మళ్లీ పెట్టిద్దామని అతను ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాడు. టూరిస్టులుంటే కటికి జలపాతానికి, లేకపోతే సంతకి. సంతరోజు మనుషులకీ మేకలకీ ఒకటే సీటు. ఊళ్లో కొండవాలున కాస్త చోడి చేను (రాగుల్ని అక్కడ చోళ్లంటారు), కాస్త కాఫీ తోట. సరదా మనిషి. తిండి దగ్గర మరీ సరదా.

అలాంటివాడు ఏడాదిగా కోడికూర ముట్టలేదు.

అరకులో ఇది మామూలు విషయం కాదు. పొద్దున లేస్తే టూరిస్టుల్ని బొంగు చికెన్ బళ్ల దగ్గర దింపడమే అతని పని. వెదురు బొంగులోంచి పొగలు కక్కే ముక్కలు ఆకులోకి జారుతుంటే సోంబరు జీపు బానెట్ ఎత్తి ఇంజన్లోకి తల దూర్చేవాడు. ఇంజను బాగానే ఉండేది.

"ఏటి బావా, ఇంజన్లో కోడుందేటి?" అనేవాడు ఫల్గుణ. మేనత్త కొడుకు, పక్క జీపు డ్రైవరు. ఎగతాళి చెయ్యడం బావ వరసకున్న హక్కు. ఆ హక్కుని ఫల్గుణ ఒక్కపూటా వదులుకోడు.

"నా నేస్తం తండ్రి పోయాడు. తెల్దా నీకు?"

"తెలుసు. నీ నేస్తం ఇథియోపాలో ఉన్నాడు. ఆళ్ల బాబు అక్కడే పోయాడు. ఆడు ఈపాటికి కోడీ తినేసుంటాడు, మేకా తినేసుంటాడు. నీ పేరైనా గుర్తుందో నేదో! నువ్వు మాత్రం ఇక్కడ ఆకులు నవుల్తన్నావు."

సోంబరు నవ్వేసేవాడు. నవ్వేశాక చాలాసేపు బానెట్ దించేవాడు కాదు.

నేస్తం కట్టడమంటే ఫోన్లో ఫ్రెండ్ రిక్వెస్టు నొక్కడం కాదు. పెద్దల ముందు తువ్వాళ్లు మార్చుకుని, నెత్తిన పసుపుబియ్యం వేయించుకుని, ఒకే ఆకులో తినాలి. ఆ పూట నుంచి ఒకరి పేరు ఇంకొకరు పలకకూడదు. 'నేస్తం' అనే పిలవాలి. కులం వేరైనా, భాష వేరైనా ఫరవాలేదు. అసలు వేరైనవాళ్లే కట్టుకుంటారు. అక్కడ పెళ్లయితే ఇక్కడా సందడే, అక్కడ చావైతే ఇక్కడా మైలే. తండ్రి పోయిన నేస్తానికి స్వయంగా కొత్తబట్ట పెట్టాలి, అప్పటిదాకా కోడికూర నోట పెట్టకూడదు అన్నది సోంబరు తల్లి ఈశ్వరమ్మ మాట. ఈశ్వరమ్మ మాట మీద అప్పీలు లేదు.

ఇదంతా మొదలైంది నాలుగేళ్ల కిందట, విశాఖపట్నంలో చిరుధాన్యాల మీద జరిగిన అంతర్జాతీయ కాన్ఫరెన్సు పుణ్యమా అని. దేశదేశాల శాస్త్రవేత్తలు వచ్చారు. పేపర్లు చదివేవాళ్లు చదివారు, ఏసీలో కునుకు తీసేవాళ్లు తీశారు. చివరిరోజు అందర్నీ అరకు కొండల్లో పంటలు చూపించడానికి తీసుకొచ్చాడు ప్రొఫెసర్ కృష్ణమూర్తి. సోంబరు జీపెక్కినవాళ్లలో ఇథియోపియా ఆయన ఒకడు. పేరు తెస్ఫాయే. ఆ పేరు మనం చెప్పుకోవచ్చు, మనకేం అడ్డు లేదు.

ఊరికి పోయేదారిలో గెడ్డ దాటుతుండగా జీపు నీళ్లలో ఆగిపోయింది. మిగతావాళ్లు ముక్కులు చిట్లించి వెనక జీపుల్లోకి మారారు. తెస్ఫాయే మాత్రం బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, వెనక్కి వెళ్లి నెట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే జీపుని హాయిగా తిట్టుకున్నారు.

ఇంటికి చేరేసరికి ఈశ్వరమ్మ ఆనపకాయ బుర్రతో చోడి అంబలి ఇచ్చింది. తెస్ఫాయే ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. తర్వాత తన ఫోన్లో ఉన్న ఫొటో ఒకటి చూపించాడు. కొండవాలున మెట్లుమెట్లుగా చేను, పిడికిలి బిగించినట్టు చోడి కంకులు, గట్టు మీద ఒక ముసలాయన.

"ఇది మన పైచేనేగదరా! ఈ ముసలోడెవులు?" అంది ఈశ్వరమ్మ.

"వాళ్ల నాన్నగారట. అది వాళ్ల ఊరట," అన్నాడు కృష్ణమూర్తి.

"అయితే ఈ గుంటడు మనోడే. ఒరే సోంబరు, నేస్తం కట్టెయ్."

నలభై దాటిన సైంటిస్టు ఈశ్వరమ్మకి గుంటడే. కృష్ణమూర్తి కాస్త కంగారుపడ్డాడు. ఇది ఫొటోల సరదా కాదని, పేరు సంగతీ, పెళ్లి సంగతీ, చావు సంగతీ ఇంగ్లీషులో వివరంగా చెప్పాడు. తెస్ఫాయే వెంటనే నవ్వేసి ఒప్పుకోలేదు. చేను వైపు చూసి ఒక్కటే అడిగాడు: "మరి మా ఊరికి ఇతను వస్తాడా?"

"జీపు రాదు గానీ, నేనొత్తాను," అన్నాడు సోంబరు.

అంతే, అయిపోయింది.

ఆ తర్వాత వాట్సాప్‌లో వాయిస్ మెసేజులు. ఇక్కణ్నించి వాన చప్పుడూ, "నేస్తం, నాట్లేసినాం" అనే కబురూ. అక్కణ్నించి ఎద్దుల మెడగంటలూ, ముసలాయన దగ్గూ, "నేస్తం, ఓకే?" అనే పలకరింపూ. తెస్ఫాయే స్టూడెంటు ఒకమ్మాయి వచ్చి ఈశ్వరమ్మ ఇంట్లో ఉండి చోడి రకాల మీద పని చేసుకుని వెళ్లింది. పోయేటప్పుడు ఈశ్వరమ్మని పట్టుకుని ఏడ్చింది కూడా. కృష్ణమూర్తి ఆ దేశంలో సెమినారుకి వెళ్లి తెస్ఫాయే ఇంట్లో భోంచేసి వచ్చాడు. "మా రెండు యూనివర్సిటీలూ ఒప్పందమంటూ మూడేళ్లు ఫైళ్లు తిప్పాయి. వీళ్లది జీపు ఆగిన పూటే అయిపోయింది," అని అందరికీ చెప్పుకునేవాడు.

పోయినేడు తెస్ఫాయే తండ్రి పోయాడు. వీడియో కాల్‌లో కలిశారు. ఒకరినొకరు చూసుకున్నారు, సిగ్నల్ పోయింది. మర్నాడు సోంబరు గుండు చేయించుకున్నాడు, కోడి మానేశాడు. వచ్చే కాన్ఫరెన్సు మళ్లీ విశాఖలోనేనని, వస్తానని తెస్ఫాయే కబురు పెట్టాడు. సోంబరు సంతలో మంచి పంచె ఒకటి కొని పెట్టెలో దాచాడు.

ఇంతలో, కాన్ఫరెన్సు ఇంకో వారముందనగా, ఫోను గెడ్డలో పడింది. దాంతోపాటు నంబరూ పోయింది. ఆ సిమ్ము ఎవరో విజయనగరం ఆసామి పేరు మీదుంది, ఆ ఆసామి ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి. కొత్త ఫోనుకి కొత్త నంబరు వచ్చింది. అందులో నేస్తమూ లేడు, కృష్ణమూర్తీ లేడు.

అప్పుడొచ్చాడు ఫల్గుణ, చిరునవ్వుతో.

"బావా, కృష్ణమూర్తిగారు నాకు ఫోన్ సేసారు, నీది కలవనేదంట. ఈపాలి ఆళ్లు అరకు రారంట. టైము నేదంట. బీచీ సూసి ఎల్లిపోతారంట. రేపే ఆఖరు."

"నా నేస్తం ఒచ్చాడంటా?"

"నానడగనేదు. ఒత్తే మాత్రం? కబురెట్టాడా? ఆ పంచె నాకిచ్చీ బావా, నాకు బాగుంటాది."

తెల్లారగానే సోంబరు ఉతికిన చొక్కా వేసుకుని, పంచె సీటు పక్కన పెట్టుకుని బయల్దేరాడు. "మరిసిపోతే?" అని గుమ్మంలో ఆగి తల్లినడిగాడు. "ముందు బేగి ఎల్లు," అంది ఈశ్వరమ్మ. దారంతా అదే ఆలోచన. నేస్తం తనని చూసి, ఎవరో డ్రైవరులే అన్నట్టు చెయ్యి కలిపి ఊరుకుంటే, ఈ ఏడాదంతా తను పట్టిన మైలకి అర్థమేమిటి? ఘాట్ మలుపులో ఎదురొచ్చిన తెల్లకారు ఒకటి మీదిమీదికి వస్తే, ఆ డ్రైవర్ని వాళ్ల వంశమంతా గుర్తుచేసుకునేలా తిట్టాడు.

విశాఖలో హాలు ముందు పెద్ద బ్యానరు, పూలకుండీలు, బల్ల వెనక మెడలో కార్డుతో ఒకమ్మాయి. కార్డు మీద రమ్య అని ఉంది.

"ఎవరు కావాలండీ?"

"నా నేస్తమమ్మా."

"పేరు?"

"సెప్పకూడదమ్మా."

రమ్య పెన్ను కింద పెట్టింది. "పేరు చెప్పకపోతే ఎలా పిలవనండీ? లోపల బోల్డంతమంది ఉన్నారు."

"పొడుగ్గా ఉంటాడు. నవ్వితే పైపళ్ల మజ్జిన సందు. నన్నోపాలి లోనికి వొగ్గీమ్మా, నానే సూసుకుంటాను."

"బ్యాడ్జి లేకుండా పంపరండీ. పోనీ పేరు నా చెవిలో చెప్పండి."

"నోటితో అనకూడదమ్మా. సెవిలో అన్నా అన్నట్టే గదా."

రమ్య విసుక్కోబోయి ఆగిపోయింది. అతని చొక్కా, చేతిలో పంచె, మొహం అన్నీ మార్చి మార్చి చూసింది.

"మీది అరకా?"

"అవునమ్మా."

"డ్రైవరా? మీ జీపుకి ఎడమవైపు అద్దం ఉండదా?"

సోంబరు బిత్తరపోయాడు. "నీకెలా తెల్సమ్మా?"

"అయ్యో రామా! ఆయన మొదటిరోజు నుంచీ నా ప్రాణం తీస్తున్నాడండీ! అరకు డ్రైవరు కావాలంటాడు. పేరేంటి సార్ అంటే, చెప్పకూడదంటాడు. నేస్తం, నేస్తం అని ఒకటే పాట. జీపు బొమ్మ గీసి మరీ చూపించాడు. మేమంతా ఆయనకి మతి చెడిందనుకున్నాం."

సోంబరు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. నవ్వో ఏడుపో తనకే తెలియలేదు. చెమట తుడుచుకుంటున్నట్టు తువ్వాలు మొహం మీద వేసుకున్నాడు.

రమ్య ఫోను చేస్తే కృష్ణమూర్తి చేతిలో టీ కప్పుతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక వరండాలో టీ విరామం హోరుగా ఉంది. జపాన్ ఆవిడా కెన్యా ఆవిడా చిన్నప్పుడు విడిపోయిన అక్కచెల్లెళ్లలా ఒకరి భుజాలొకరు పట్టుకుని ఊపేస్తున్నారు. పోయిన కాన్ఫరెన్సులో భోజనాల వరసలో కలిశారట.

"సోంబరూ! ఆయన పొద్దున్నే అరకు బయల్దేరాడయ్యా! వేదికా పూలదండల గొడవలో పడి నేను పట్టించుకోలేదు, రాత్రి నన్ను నిలదీశాడు. నేస్తాన్ని చూడకుండా విమానం ఎక్కనన్నాడు. నేనే కారు పెట్టి పంపాను. ఫల్గుణకి చేస్తే టవరు లేదు."

"ఏ కారు బాబూ?"

"తెల్లకారు."

సోంబరు నాలుక కరుచుకున్నాడు. పొద్దున తను తిట్టిన తిట్లలో నేస్తం వంశం కూడా ఉందేమోనని లెంపలు వేసుకుని, జీపు తిప్పాడు.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో తెస్ఫాయే ఈశ్వరమ్మ పక్కన పీట మీద కూర్చుని చేటలో చోళ్లు చెరుగుతున్నాడు. సగం నేలపాలు చేస్తున్నాడు. ఈశ్వరమ్మ తిడుతోంది. ఫల్గుణ గుంజకు ఆనుకుని చూస్తున్నాడు. గుంజకి కట్టిన కోడి కూడా చూస్తోంది.

"నేస్తం!" అన్నాడు తెస్ఫాయే, చేట వదిలేసి.

"నేస్తం," అన్నాడు సోంబరు. ఇద్దరూ కావలించుకుని వదల్లేదు. చోళ్లు పూర్తిగా నేలపాలయ్యాయి.

"బావా, ఒక మాట," అన్నాడు ఫల్గుణ. ఎంతసేపని ఆగగలడు? "నే సెప్పానా? స్టాండులో దిగ్గానే బొంగు చికెన్ తిన్నాడు. మళ్లీ అడిగి మరీ తిన్నాడు. ఏడాదంతా తిన్నావా అని సైగ సేత్తే, తిన్నానని తలూపాడు."

సోంబరు మొహం ఒక్క క్షణం వాడిపోయింది.

"కోడి సంగతి ఆడికి మనం సెప్పనేదు కదరా," అంది ఈశ్వరమ్మ, చోళ్లు ఏరుకుంటూ. "పేరు సంగతి సెప్పాం. సెప్పింది నిలబెట్టాడా నేదా? అదడుగు ఆణ్ని."

ఫల్గుణ తల గోక్కున్నాడు. "నిలబెట్టాడత్తా. ఎవులు కావాల, సోంబరా అన్నాను. తలూపాడు. కారు గెడ్డ దాటదు, ఓపాలి నోటితో అను, జీపులో తీసుకెల్తాను అన్నాను. అన్నేదు. ఊరంతా నవ్వినా అన్నేదు. నడిసైనా ఎల్తానని రోడ్డెక్కేసాడు. నాకే సిగ్గేసి జీపెక్కించాను."

సోంబరు జీపులోంచి కొత్త పంచె తెచ్చాడు. మడత విప్పి నేస్తం భుజాల మీద కప్పాడు. ఈశ్వరమ్మ పసుపుబియ్యం వేసింది. తెస్ఫాయే ఆ పంచె అంచు కళ్లకద్దుకుని, ఫొటోలోని ముసలాయన పేరు తమ భాషలో మెల్లగా పలికాడు. తండ్రి పేరు పలకొచ్చు, దానికి అడ్డులేదు.

తర్వాత కోడికి మూడింది.

ఆకులో కూర పడ్డాక ఫల్గుణ అభినయం మొదలుపెట్టాడు. కోడిలా కూశాడు, సోంబరుని చూపించాడు, ఏడాది అన్నట్టు వేళ్లు లెక్కపెట్టి చెయ్యి అడ్డంగా ఊపాడు. తెస్ఫాయేకి అర్థమై నమలడం ఆపేశాడు. తన ఆకులోని ముక్కలన్నీ ఎత్తి సోంబరు ఆకులో పోశాడు. సోంబరు వద్దనలేదు. ఏడాది ఆకలి అది.

వచ్చే ఏడు కాన్ఫరెన్సు ఇథియోపియాలో అని, నువ్వు రావాలని తెస్ఫాయే వేలితో ఆకాశంలో విమానం గీసి చూపించాడు. మాటిచ్చాను కాబట్టి వస్తానన్నాడు సోంబరు.

"ఎలా ఎల్తావు బావా? ఎవులింటికి ఎల్తన్నావు, పేరు సెప్పు అని ప్రతి గేటుకాడా అడుగుతారు," అన్నాడు ఫల్గుణ.

సోంబరు కాలిముక్క కొరుకుతూ తాపీగా ఆలోచించాడు.

"అయితే నువ్వూ రా బావా. నువ్వు సెబుదువు గాని."