గుండీలు పట్టని వేళ్లు

మా చిన్నాయిన పట్టాళంలో నేర్చుకున్న మాట ఒక్కటే: "అంతా ఠీక్, సార్!" రిటైరై రామన్నపేటలో బర్లు కాసుకుంటున్నా, ఎవరేమడిగినా మడమలు కలిపి అదే అనేవాడు.

పెద్దపేగు క్యాన్సర్ వచ్చినప్పుడు, మాజీ సైనికులకు కొత్త మందు ఇచ్చి పరిశోధన చేస్తున్న పట్నం దవాఖానలో ఆయనకు చోటు దొరికింది. దేవుడే దారి చూపాడని దీపం పెట్టుకున్నాను. ప్రతిసారీ రైల్లో తోడు వెళ్లాను. మూడో నెలకు ఆయన వేళ్లు మొద్దుబారాయి, విరేచనాలూ పట్టుకున్నాయి. డాక్టరమ్మ గది బయట చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని.

"తిమ్మిర్లున్నాయా? విరేచనాలవుతున్నాయా?" అని ఆమె అడిగింది.

"అంతా ఠీక్, సార్!" నేను నోరు తెరవబోతే కళ్లెర్రజేశాడు.

బయటికొచ్చాక నిలదీశాను. "నిలవడనీకె శాతనైతలేదు గద, చిన్నాయినా!"

"గోడ ఉన్నది గదనే, ఆనుకుంటె సరి. పట్టాళంల బీమారన్నోన్ని ఎనక్కి తోలుతరు బిడ్డా. గీ మందు గూడ బందు జేస్తె నాకేమున్నది?"

నేనూ వెనక్కి వెళ్లి డాక్టరమ్మకు చెప్పలేదు. ఆ వారమే విరేచనాలు ఆగక, ఒంట్లో నీరంతా పోయి చనిపోయాడు.

ఆయన చికిత్స కాగితాల కోసం దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టరమ్మకు అన్నీ చెప్పాను. ఆమె తల పట్టుకుంది. "మందు ఆపేవాళ్లం కాదమ్మా. మోతాదు తగ్గించేవాళ్లం, అంతే." తర్వాత నేను చెప్పిందంతా రాసుకుంది. "ఇది వెనక వచ్చేవాళ్లకు పనికొస్తుంది. చెప్పినందుకు చాలా థాంక్స్" అంది.

పొద్దున లేస్తూనే దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే నేను, ఆ థాంక్స్‌ను తీసుకోలేక లేచి వచ్చేశాను.