ఆదివారం సాయంత్రం గడి

మా అన్నయ్య కెల్విన్ ఊరు దాటి వరుసగా రెండు రాత్రులు పడుకున్నట్టు మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. సొంత చెల్లెల్ని, నేనే ఎరగను. నూట అరవై ఆవులు. పొద్దున ఐదింటికి ఒకసారి పాలు, మధ్యాహ్నం నాలుగింటికి ఇంకోసారి. మా నాన్న పోయిన దగ్గర్నుంచి ఆ రెండు పూటలూ అతను తప్పించిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పళ్ళు పీకించుకున్న రోజున కూడా నోట్లో దూది పెట్టుకుని వచ్చి పాలు పితికే యంత్రాలు తగిలించాడు.

అలాంటి మనిషిని ఇరవై ఐదేళ్ళ కిందట పెళ్ళి చేసుకుంది మా వదిన లియోనీ. జీలాంగ్ పట్నంలో రైల్వే గార్డు కూతురు. పెళ్ళయ్యేదాకా ఆవుని రైలు కిటికీలోంచే చూసింది. ఆరు నెలల్లో దూడకి సీసాతో పాలు పట్టడం, ఏడాదిలో ట్రాక్టరు తోలడం, రెండేళ్ళలో మా అమ్మ చేత మెచ్చుకోలు మాట అనిపించుకోవడం నేర్చుకుంది. మూడోది మా ఊళ్ళో అంతకుముందు ఎవరికీ చేతకాలేదు.

పొద్దున దూడల పని అయ్యాక వదిన స్కూలు బస్సు నడుపుతుంది. ముప్ఫైమంది పిల్లల్ని బడి దగ్గర దింపి, తిరిగొచ్చేటప్పుడు సముద్రం కనిపించే మలుపు దగ్గర బస్సు ఆపి, ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని, పేపర్లో గళ్ళనుడికట్టు సగం పూర్తి చేస్తుంది. పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లో ఫోను మోగినా ఎత్తదు. ఒకసారి నేనే చేశాను, నేను పనిచేసే పోస్టాఫీసు తాళంచెవి పోయిందని. ఎత్తలేదు. తర్వాత అడిగితే, "అప్పుడు నేను ఊళ్ళో లేను జనైన్," అంది తాపీగా.

గళ్ళనుడికట్టులో మిగతా సగం రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య పూర్తి చేస్తాడు. అతనికి నదుల పేర్లు, పరికరాల పేర్లు బాగా వచ్చు. ఆమెకి మిగతావన్నీ వచ్చు. వాళ్ళ కాపురం గురించి ఎవరైనా అడిగితే నేను ఆ పేపరు చూపిస్తాను, రెండు రకాల చేతిరాతతో.

కానీ ఊరు దాటించడం దగ్గరికొచ్చేసరికి వదిన ఓడిపోతూనే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో లేక్స్ ఎంట్రన్స్ అనే సముద్రపొడ్డు ఊళ్ళో నాలుగు రోజులుందామని వెళ్ళారు. రెండో రోజే వాన పట్టిందని, పల్లపు మడిలోకి ఏటి నీళ్ళు వస్తాయని తీసుకొచ్చేశాడు. నీళ్ళు రాలేదు. పదో పెళ్ళిరోజుకి మెల్‌బోర్న్ శివార్లలో డాండెనాంగ్ దాకా వెళ్ళి, పాలు చల్లబరిచే ట్యాంకు స్విచ్ వేశానో లేదో అని కారు వెనక్కి తిప్పాడు. వేసే ఉంది. ఐదేళ్ళ కిందట హోటల్ గదిదాకా చేరారు. వదిన టీకి నీళ్ళు పెట్టింది. టీవీలో రాత్రికి ఈదురుగాలులని చెప్పారు. నీళ్ళు మరగకముందే వాళ్ళు లిఫ్టులో ఉన్నారు.

మొన్న అక్టోబరులో, పెళ్ళయి ఇరవై ఐదేళ్ళు నిండబోతుంటే, ఓ సాయంత్రం వాళ్ళ వంటింట్లో నేనూ ఉన్నాను. వదిన బఠానీలు ఒలుస్తూ చెప్పింది.

"కెల్విన్, మెల్‌బోర్న్‌లో రెండు రాత్రులకి గది తీసుకున్నాను. శుక్రవారం వెళ్తాం, ఆదివారం వస్తాం."

"ఆవులో?"

"జనైన్, టీగన్ చూసుకుంటారు."

టీగన్ వాళ్ళ కూతురు. ఇరవై ఏళ్ళు, నాన్న పోలిక, నాన్న మొండితనం. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే కుదరదనేదాన్నని వదినకి తెలుసు.

"మధ్యలో వెనక్కి తిప్పితే నేనేమీ అనను," అంది వదిన. "అరవను, అలగను. కానీ ఇంకెప్పుడూ నిన్ను ఎక్కడికీ రమ్మని అడగను. అంతే."

ఉప్పు అందించమన్నట్టు అంది. అరిచి ఉంటే నాకు భయం వేసేది కాదు. అన్నయ్య పళ్ళికిలించబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

ఈ సంగతి ఊళ్ళోకి పాకడానికి ఒక్క పూట పట్టింది. నేనే చెప్పాననుకోండి, పోస్టాఫీసన్నాక నోరు ఊరుకోదు. పాల ట్యాంకరు నడిపే డెస్ వెంటనే ఫుట్‌బాల్ క్లబ్బు గోడకి ఓ పెద్ద అట్ట తగిలించాడు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా గంటకో గడి. కెల్విన్ కారు తన గేటులోకి ఏ గంటకి తిరిగొస్తుందో ఎవరు సరిగ్గా చెప్తే వాళ్ళకి బహుమతిగా కసాయి షాపు మాంసం ట్రే. గడికి ఒక టిక్కెట్టు కొనాలి, ఆ డబ్బు మంటలార్పే దళానికి. ఒకరి గడి చూసి ఇంకొకరు మనసు మార్చుకోకుండా పేరు రాయగానే దాని మీద కాగితం ముక్క అంటించాలని నియమం. డెస్ చూడకుండా, తాము రాసి తామే అంటించుకోవాలి.

నేను శనివారం మధ్యాహ్నం పన్నెండు గడి తీసుకున్నాను. సిగ్గుపడుతూనే చెప్తున్నాను. అన్నయ్య నాకు తెలుసు. ఒక రాత్రి ఓర్చుకుంటాడు, తెల్లారాక ఓర్చుకోలేడని లెక్కేశాను. డెస్ తనది శనివారం సాయంత్రమని గొప్పగా చెప్పుకు తిరిగాడు. ఆఖరి గడి, ఆదివారం సాయంత్రం నాలుగు, దాని మీద కూడా ఎవరో కాగితం అంటించి ఉన్నారు. క్లబ్బులో దాన్ని చూసి నవ్వని వాళ్ళు లేరు.

"ఎవడ్రా ఆ అమాయకుడు? టిక్కెట్టు దండగ," అన్నాడు డెస్.

శుక్రవారం పొద్దున పాలు పితికాక బయల్దేరారు. కారెక్కుతూ అన్నయ్య నాకు పదో పన్నెండో జాగ్రత్తలు చెప్పాడు. అన్నిటికీ ఊఁ కొట్టాను. ఆఖరిది మాత్రం కారు తలుపు పట్టుకుని మరీ చెప్పాడు. "క్లోవర్ గడ్డి మడి గేటు తియ్యొద్దు. మంచు ఆరకుండా ఆ గడ్డి తింటే కడుపులు ఉబ్బుతాయి. వినిపించిందా?"

"నేనూ ఈ ఇంట్లోనే పుట్టాను, వెళ్ళు."

దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతి కారుకీ అన్నయ్య స్టీరింగు మీంచి వేలెత్తాడట. మా ఊరి రోడ్డు మీద అది పలకరింపు. ఎత్తకపోతే ఇంట్లో ఏదో జరిగిందనుకుంటారు. పట్నం పెద్ద రోడ్డు మీద మూడు వరసల కార్లకి వేలెత్తి ఎత్తి, పాకెన్‌హామ్ దాటేసరికి వేలు నొప్పెట్టిందట.

"వాళ్ళెవరూ మనకి తెలీదు కెల్విన్," అందట వదిన.

"వాళ్ళకి మనం తెలీదు కదా, ఎవరో ఒకరు మొదలెట్టాలి," అన్నాడట. హోటల్ దగ్గర ట్రామ్ డ్రైవరు ఒకతను తిరిగి వేలెత్తాడని పొద్దుపోయేదాకా అదే మాటట. ఆ రాత్రి టీకి నీళ్ళు పూర్తిగా మరిగాయి.

ఇక నా తప్పు చెప్తాను. శనివారం పొద్దున పాలయ్యాక ఆవుల్ని మేతకి వదలాలి. టీగన్ షెడ్డు కడుగుతోంది. నేను క్లబ్బులో అట్ట గురించి ఆలోచిస్తూ, నవ్వుకుంటూ, అలవాటుగా చేతికందిన గేటు తీశాను. అది క్లోవర్ మడి. మంచు మెరుస్తూనే ఉంది. అరగంట తర్వాత టీగన్ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అత్తా! ఏ గేటు తీశావు?"

అప్పటికే ఐదు ఆవులకి ఎడంపక్క డొక్కలు పొంగుతున్నాయి. అన్నిటికన్నా ముందు డచెస్‌కి. అన్నయ్య సీసాపాలతో పెంచిన ఆవు అది. పాల వేళకి మంద మొత్తానికీ ముందు నిలబడి షెడ్డు గేటు కొడుతుంది. మిగతావాటిని బయటికి తరిమి నూనె సీసాలు పట్టుకొచ్చి గొంతుల్లో పోస్తుంటే డెస్ ట్యాంకరు వచ్చింది. ఒక్క చూపు చూశాడు, ట్యాంకరు చాటుకి వెళ్ళాడు. నేను నూనె చేతులతోనే పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"బయల్దేరాను జనైన్, దారిలో ఉన్నాను. కెల్విన్ ఇప్పుడే చేశాడు," అందావిడ.

డెస్ వైపు చూస్తే చక్రాలు తనిఖీ చేస్తున్నట్టు వంగి ఉన్నాడు.

"అతనికి చెప్పావా?"

"చెప్పొద్దా ఏంటి? అతని ఆవులు."

"నీ గడి కోసం చెప్పావు!"

"నీ గడి ముందుగా వస్తుంది, నీకెందుకు కోపం?"

నా గడి సంగతి వాడికెలా తెలిసిందని అడగలేదు. ఒళ్ళు మండిపోయింది, కానీ గేటు తీసిన చెయ్యి నాది. ఇరవై ఐదేళ్ళుగా వదిన ఎదురుచూసిన రెండు రోజుల్ని నేను పాడుచేశాను. ఇక ఆమె అడగదు. ఎప్పటికీ అడగదు. ఆ మాట మీద నిలబడే మనిషని నాకన్నా బాగా ఎవరికి తెలుసు!

డాక్టరమ్మ వచ్చి నాలుగు ఆవుల్ని బతికించి నిలబెట్టింది. డచెస్ నిలబడలేదు.

టీగన్ ఏడుస్తూనే పాల గొట్టాలు కడిగింది. పన్నెండు కొట్టింది. నేను వరండాలో నిలబడి రోడ్డుకేసి చూస్తున్నాను, ఏ కారూ రాకూడదని. నా గంట అయిపోయింది. జీవితంలో ఓడిపోయి అంత సంతోషపడటం అదే మొదటిసారి. రెండయింది. నాలుగైంది, పాలు పితికాం. గులకరాళ్ళ చప్పుడైతే చాలు ఇద్దరం తలలెత్తేవాళ్ళం.

"నాన్న రావట్లేదా అత్తా?" అంది టీగన్.

"రావట్లేదే." నమ్మబుద్ధి కాలేదు నాకే.

ఆరింటికి అన్నయ్య ఫోన్ చేశాడు. రోజుకొక్కసారే చేస్తానని వదినకి మాటిచ్చాడట, ఆ ఒక్కసారి ఇది. పొద్దున చేసింది డాక్టరమ్మకి, నాకు కాదు కదా.

"పాలెలా ఉన్నాయి?"

"కాస్త తగ్గాయి. అన్నయ్యా, డచెస్..."

"తెలుసు. డాక్టరమ్మ చెప్పింది." "ఆ గేటు వేశావా?"

"వేశాను. గొలుసు కూడా కట్టాను. అన్నయ్యా, నేనే..."

"వేశావు కదా, చాలు. వదినకి చెప్పకు. పొద్దున మార్కెట్లో వేడి వేడి జామ్ డోనట్లు తిన్నాం. ఇప్పుడు పడవెక్కుతున్నాం. ఉంటా."

గేటు ఎవరు తీశారని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

ఆదివారం మూడున్నర నుంచే మా గేటు దగ్గర సగం ఊరు చేరింది. డెస్ గోడ మీది అట్ట ఊడదీసి పట్టుకొచ్చాడు. మాంసం ట్రేని ఐసు పెట్టెలో పెట్టి తెచ్చాడు. నాలుగూ పదికి కారు మలుపు తిరిగింది. అన్నయ్య అందరికీ కలిపి ఒక్క వేలెత్తాడు. వదిన కొత్త చెప్పుల్లో, తెల్లటివి, మడమ దగ్గర పట్టీతో, దిగింది. ఎండ తగిలి ముక్కు ఎర్రబడింది. పదేళ్ళు తగ్గినట్టుంది.

"ఇదేంటి, ఎవరైనా పోయారా?" అన్నాడు అన్నయ్య, అంతమందిని చూసి.

డెస్ ముఖం మాడ్చుకుని సంగతి చెప్పి, ఆఖరి గడి మీది కాగితం పీకాడు. నీలం సిరాతో, గళ్ళనుడికట్టు నింపే చేతిరాతతో, 'లియోనీ' అని ఉంది.

ఎవరూ నవ్వలేదు.

"బస్సులో పిల్లలు చెప్పారు," అంది వదిన. "అట్ట తగిలించిన రోజే వెళ్ళి రాశాను. ఏం, నా మొగుడి మీద నేను పందెం కాయకూడదా?"

అన్నయ్య ఆ గడిని చాలాసేపు చూశాడు. నేను నా శనివారం గడి వైపు చూడలేకపోయాను. వదిన ఐసు పెట్టె అందుకుని షెడ్డు వైపు తిరిగింది. ఆవులన్నీ వచ్చి నిలబడి ఉన్నాయి. ముందు వరసలో ఒక చోటు ఖాళీ.

"డచెస్ ఏదీ?"

అందరూ బూట్ల వైపు చూసుకున్నారు. అన్నయ్యే చెప్పాడు. "పోయింది. నిన్న పొద్దున. కడుపుబ్బరం."

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న పొద్దున."

వదిన వెనక్కి లెక్కేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. "మార్కెట్లో ఫోను వచ్చిందని పక్కకి వెళ్ళావు. అదా?"

"అదే."

"డోనట్లు పట్టుకుని వచ్చావు కదా కెల్విన్. నాతో కూర్చుని రెండు తిన్నావు."

"ఫోను పెట్టేసి తలెత్తితే ఎదురుగా అవే ఉన్నాయి," అన్నాడు అన్నయ్య. "నువ్వు బల్ల దగ్గర నాకు చోటు పట్టి కూర్చున్నావు. ఆవుల దగ్గరికి వెళ్ళడానికి వేరే వాళ్ళున్నారు."

వదిన కళ్ళు నిండాయి. ఐసు పెట్టె నా చేతుల్లో పెట్టింది. మా ఊళ్ళో మొగుడూ పెళ్ళాం నలుగురిలో చెయ్యి పట్టుకోరు. ఆమె పట్టుకుంది.

"పద, పాల వేళ దాటిపోతోంది."

"బట్టలు మార్చుకోవా?"

"తర్వాత."

టీగన్ వెళ్ళబోతే నేను జబ్బ పట్టుకుని ఆపాను. వాళ్ళిద్దరే లోపలికి నడిచారు. మొదటి పది అడుగుల్లోనే వదిన తెల్ల చెప్పులు పేడలో కూరుకుపోయాయి. ఒక్కసారి కూడా కిందికి చూసుకోలేదు.