నీళ్లిచ్చానని చెప్పిన కథ

పాతికేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకి కూడా తెలియదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను మాజీ సైనికుణ్ణి. చోడవరంలో ఉంటాను. చుట్టుపక్కల ఊళ్లలో గట్టు తగువులూ కాలవ నీళ్ల తగువులూ వస్తే రాజీకి నన్నే పిలుస్తారు. ఒకే కథతో ఎంతోమందిని కలిపాను. యుద్ధంలో, కొండ మీద గాయపడి పడున్న శత్రువుకి నా సీసాలో నీళ్లు పట్టానని చెబుతాను. "శత్రువుకే నేను నీల్లిచ్చేను, తోడబుట్టినోడి సేనుకి నువ్వొదల్లేవేటి?" అంటాను. ఇద్దరిచేతా ఒకే చెంబులో నీళ్లు తాగిస్తాను. తగువు తీరిపోతుంది.

మొన్న బుచ్చయ్యపేట దగ్గర చెరుకుతోటకి నీళ్లు కట్టేచోట అన్నదమ్ములు పారలెత్తుకున్నారు. కథ చెప్పాను. పెద్దవాడు సూటిగా అడిగాడు.

"మరి ఆడు బతికేడా, బాబూ?"

"బతికేడురా."

"నిజమేనా?"

"నా కల్లతో సూసేను."

వాడు పార కింద పడేసి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. నేను ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

శత్రువు నీళ్లడిగిన మాట నిజం. మీసం కూడా సరిగ్గా రాలేదు వాడికి. ఆ పొద్దున్నే నా పక్కన తిన్న మా మాడుగుల జవాను వీళ్ల కాల్పుల్లో చచ్చిపోయాడు. నేను సీసా మూత తీశాను. ఆ శత్రువు కుర్రాడు చూస్తుండగానే నీళ్లన్నీ రాళ్ల మీద ఒంపేశాను. కసితో. వాడు పాక్కుంటూ వచ్చి తడి రాయిని నాకాడు. మధ్యాహ్నానికి పోయాడు.

యుద్ధమన్నాక అంతే అంటారా? అనకండి. తుపాకీ పేల్చినందుకు నేనెప్పుడూ తల దించలేదు, ఇప్పుడూ దించను. అది డ్యూటీ. నీళ్లు ఒంపమని నాకెవరూ ఆర్డరివ్వలేదు.

మరి నేను కుదిర్చిన రాజీలు? వాటికీ సిగ్గుపడాలా? పడను. ఆ చేలు పండుతున్నాయి, ఆ పిల్లలు ఒకరింట్లో ఒకరు తింటున్నారు. కానీ పోయినవాడు తిరిగొచ్చి సాక్ష్యం చెప్పడన్న ధైర్యంతో, వాడి దాహం చెప్పుకుని ఇన్నేళ్లూ పెద్దమనిషినయ్యానే, అది ఒంపడం కంటే పెద్ద తప్పేమోనని ఇప్పుడనిపిస్తోంది.

ఎల్లుండి కె.కోటపాడులో ఇంకో తగువుంది. జరిగింది జరిగినట్టే చెబుతాను. బుచ్చయ్యపేట అన్నదమ్ముల్నీ రమ్మని కబురు పెట్టాను. మళ్లీ పారలెత్తుకుంటే మధ్యలో నిలబడతాను. పేరు పోతే పోనీ.

క్షమించమని ఎవర్నీ అడగను. ఆ హక్కున్నవాడు కొండ మీదే ఉండిపోయాడు. వాడు నీళ్లడిగాడు, నేనివ్వలేదు. ఇన్నేళ్లకి ఈ మాట నా నోట వచ్చింది.