కామెంట్లు దిద్దిన చిన్నాయన

మా పక్కింటి చిన్నాయన పోయారు. నేను మిర్యాలగూడలో అత్తగారింట్లో ఉండగా పొద్దున్నే చిన్నమ్మ ఫోన్ చేసి, "మీ చిన్నాయన లేడు బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేను సూర్యాపేట చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి.

కూర్చున్నవాళ్ళలో ఒకాయన అన్నాడు: "మంచోడే పాపం. ఆఖరికి కంప్యూటర్ల ఏవో స్పెల్లింగులు దిద్దుకుంట టైంపాస్ చేసిండు."

చావింట్లో గొడవెందుకని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ చెబుతున్నాను. అది టైంపాస్ కాదు.

చిన్నాయన సూర్యాపేట కోర్టు ముందు రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళు దరఖాస్తులు టైపు చేశారు. కళ్ళు కాగితం మీదే ఉండేవి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాం సరిగ్గా నడుస్తుందో లేదో చూడటం నా పని. ఇంటి నుంచే చేస్తాను. ఒక ఎండాకాలం వాళ్ళింట్లో కరెంటు పోతే, ఇన్వర్టర్ ఉందని మా ఇంటికొచ్చి ఫ్యాను కింద కూర్చున్నారు. కాసేపటికి నా వెనక నిలబడి స్క్రీన్ చూడసాగారు.

"ఇదేంది బిడ్డా, రిసీవ్‌ల ఐ ముందట పెట్టిండ్రు?"

అది మేం వాడే టెస్టింగ్ లైబ్రరీ. ఉచితంగా దొరుకుతుంది, ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే సవరణ పంపచ్చు. కోడు వరుసల మధ్య, ఇది ఎందుకు రాశామో చెబుతూ ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలుంటాయి. వాటినే కామెంట్లంటారు.

"అవి మిషన్ సదవది చిన్నాయనా. తప్పున్నా పని నడుస్తది" అన్నాను.

"మరెవరి కోసం రాసిండ్రు?"

"మనుషుల కోసం."

"మనుషుల కోసం రాసినదాంట్లనే తప్పులుండొచ్చా?"

మర్నాడు కరెంటు ఉన్నా వచ్చారు, చేతిలో పొడుగు నోటుబుక్కుతో. నెల రోజులు కూర్చున్నారు. ఏ ఫైలు, ఎన్నో వరుస, ఏం రాశారు, ఏం ఉండాలి, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. సెపరేట్‌లో ఏ ఉండాల్సిన చోట ఈ. ఒకచోట ఒక మాట రెండుసార్లు. నా అకౌంటు నుంచి పంపిస్తానంటే ఒప్పుకోలేదు. "తప్పయితే నిన్నంటరు. నా పేరు మీదనే పోవాలె" అని తన పేరుతోనే అకౌంటు తెరిపించారు.

పంపిన రెండు రోజులకు ఆ లైబ్రరీ చూసుకునే వాళ్ళలో ఒకరి నుంచి జవాబొచ్చింది. ఇలాంటి సవరణలతో మా సమయం వృథా, వీటివల్ల ప్రోగ్రాంలో ఏమీ మారదు, పైగా మీరు దిద్దినవాటిలో ఒకటి మీదే తప్పు అని. నిజమే. బిహేవియర్ అనే మాటలో చిన్నాయన ఒక యూ చేర్చారు. ఆ లైబ్రరీ అంతా అమెరికా స్పెల్లింగు. అందులో ఆ యూ ఉండదు. నాకు సిగ్గేసింది. "ఇడిసిపెట్టు చిన్నాయనా, మనకెందుకు" అన్నాను.

అప్పుడు చెప్పారు మునగాల దగ్గరి రైతమ్మ సంగతి. షెడ్డు పెట్టిన కొత్తలో ఆమె భూమి దరఖాస్తులో మొగుడి పేరు ఒక్క అక్షరం తప్పు కొట్టారట. ఆమెకు చదువు రాదు. రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆ సంగతి తెలిశాక ఈయన షెడ్డు మూసి, పని అయ్యేదాకా ఆమె వెంట బస్సుల్లో తిరిగారు.

"నన్ను ఒక్క మాట అనలే ఆమె. ఆ అక్షరం నాదని ఆమెకు తెల్వనే తెల్వది. నేనే చెప్పిన" అన్నారు. తర్వాత కీబోర్డు తన వైపు లాక్కుని, చూడకుండానే పది వేళ్ళతో కొట్టారు. ఆ మాటలు నాకు గుర్తున్నాయి: "ఒక తప్పు నాది. తీసేశాను. మిగిలిన నలభైలో ఏది తప్పో చూపండి, అదీ తీసేస్తాను. చూపలేకపోతే వీటిని తీసుకోండి."

జవాబు రాలేదు. ఆయన మానలేదు. ఒక్కో ఫైలు విడివిడిగా పంపారు. వాళ్ళు తిప్పి పంపినదాన్ని మళ్ళీ సరిచూసుకుని మళ్ళీ పంపారు. మా ఆఫీసులో విని నవ్వారు. ఆ సంగతి చెబితే, "నవ్వనీ. నవ్వినంక సదువుతరు గద" అన్నారు.

ఆఖరికి ఎక్కడో దూర దేశం నుంచి ఒకమ్మాయి ఆ సవరణల కింద రాసింది. తనకు ఇంగ్లీషు సరిగ్గా రాదని, ఈ కామెంట్లు చదువుకుంటూనే ప్రోగ్రాం పని నేర్చుకుంటున్నానని, ఒక మాటకు అర్థం కోసం పూట పూటంతా నిఘంటువులో వెతికానని, అది తప్పు స్పెల్లింగని ఈయన దిద్దాకే తెలిసిందని. ఆ వారంలోనే నలభై సవరణలూ తీసుకున్నారు.

నేను ఎగిరి గంతేశాను. చిన్నాయన మాత్రం, "లేని మాట కోసం ఎంత తిప్పలబడ్డదో పిల్ల" అన్నారు. తర్వాత నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పారు.

ఆయన పోయిన మూడో రోజు కోదాడ నుంచి వాళ్ళ అల్లుడు ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. నిలువెత్తు ఫొటో, కింద పెద్ద అక్షరాలు. శ్రద్ధాంజలిలో ధ ఒత్తు ఉండాల్సిన చోట ద ఒత్తు ఉంది, అడుగున ఉండాల్సిన చిన్న గీత లేదు.

"తియ్యి. ఇది కట్టొద్దు" అన్నాను.

"అక్కా, జనమొచ్చే టైమైంది. ఒక్క ఒత్తు ఎవరు చూస్తారు?"

"నేను సూసిన."

చుట్టాలు గొణిగారు. ఇదేం పంతం అన్నారు. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చి ఫ్లెక్సీ వంక ఒకసారి చూసి, "బిడ్డ చెప్పినట్టు చెయ్యుండ్రి" అంది.

దాన్ని చుట్టి పట్టుకుని బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ షాపుకెళ్ళాను. వేరేది కొట్టమని, ఆ మాట నా చేత్తో కాగితం మీద రాసిచ్చాను. మిషన్ అటూ ఇటూ తిరుగుతూ వరుస వరుసగా అచ్చు వేస్తోంది. ముందు జుట్టు, నుదురు, కళ్ళజోడు. తర్వాత అక్షరాల తలకట్లన్నీ ఒకేసారి వచ్చాయి. కదలకుండా నిలబడ్డాను. అన్నిటికంటే చివర, తడి ఆరని నల్లరంగులో, ధ ఒత్తు కింద ఆ చిన్న గీత మెల్లగా బయటికొచ్చింది.