అయిదుకి అయిదు వేసిన పిల్లలు

2004లో నేను న్యూకాసిల్‌లోని ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, కోర్సుల నాణ్యత చూసే పని కూడా చేసేదాన్ని. ఆ ఏడాది నా వంతుకి బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ వచ్చింది. అంటే కంపెనీల లెక్కలూ సరుకూ కంప్యూటర్ మీద నడిపే విద్య. పెద్ద హాలు నిండా విద్యార్థులు. అందులో సగం దాకా మన ఆంధ్రా పిల్లలే.

టర్మ్ మధ్యలో విద్యార్థులు మాకు మార్కులు వేస్తారు. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. లెక్చర్లకి మనవాళ్ళంతా అయిదుకి అయిదు వేసేశారు. ఆ లెక్చర్లు చెప్పే కోర్సు పెద్ద గ్రేయం పొంగిపోయాడు.

"ఇంత బాగా అర్థమవుతుంటే సెమినార్లు దేనికి? వచ్చే నెల నుంచి తీసేద్దాం," అన్నాడు. సెమినార్ అంటే చిన్న గుంపుగా కూర్చుని సందేహాలు తీర్చుకునే క్లాసు. మనిషి మంచివాడే, పాఠాలు చెప్పేవాళ్ళు చాలక అవస్థ పడుతున్నాడు. నేను సరేనంటే చాలు.

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. మాష్టారికి మార్కులు తగ్గించడం మన ఇంటా వంటా లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు; మనవాళ్ళు అమ్మనైతే అడుగుతారు గానీ మాష్టారిని అడగరు.

నా సెమినార్‌కి వచ్చే ఒంగోలు అమ్మాయి శ్రీలతని క్యాంటీన్‌కి తీసుకెళ్ళాను. అప్పటికే ఒక పరీక్ష తప్పింది. ఇంకొకటి తప్పితే ఇంటిదారే.

"లెక్చర్లు ఎలా ఉన్నాయమ్మా?"

"చాలా బాగున్నాయండీ."

"వచ్చే ఏడు మీ చెల్లెలు ఇందులో చేరితే ఏం చెప్తావు?"

టీ కప్పు కింద పెట్టేసింది. "దానికైతేనా? ఆయన యాస పట్టుకునేలోగా స్లైడ్ మారిపోద్దే, సగం అర్థం కాదు. సెమినార్ మాత్రం మానమాకే, గట్టెక్కించేది అదొక్కటే అని చెప్తాను మేడమ్."

పేర్లు రాయక్కర్లేదని చెప్పి, అదే ప్రశ్న హాలంతటికీ వేశాను. తెల్లపిల్లలు కూడా అదే మాట రాశారు. చదివి గ్రేయం ఎర్రబడ్డాడు, తర్వాత పకపకా నవ్వాడు. "మా ఆవిడ కూడా నన్ను మెల్లిగా మాట్లాడమనే అంటుంది!"

సెమినార్లు నిలిచాయి. శ్రీలత గట్టెక్కింది. ఫలితాలొచ్చిన రోజు స్వీట్లు పట్టుకొచ్చింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ ఊపులో అడిగాను, "మరి నా క్లాసు ఎలా ఉందే?"

"సూపర్ మేడమ్!"

"మీ చెల్లెలికైతే?"

నేల చూపులు చూసింది. "మేడమ్ బోర్డు గబగబా తుడిచేస్తారు, ముందే రాసేసుకోవే అంటాను."

ఈనాటికీ డస్టర్ చేతిలోకి తీసుకున్నాక, ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను.